బియ్యం ధరలు, ప్రపంచ సరఫరా: తిరుపతి, చిత్తూరు వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో ఒక బియ్యం అంగడిలో పన్నెండేళ్లుగా పద్దులు చూస్తున్నాను. మా నాయన శ్రీకాళహస్తి దగ్గర మడి చేస్తాడు. పొద్దున అంగడికి వచ్చినవాళ్లు "మళ్లా పెంచినారే" అంటారు. సాయంత్రం ఇంటికి పోతే నాయన "వడ్లకు రేటే లేదురా" అంటాడు. రెండు మాటలూ నిజమే. రెండూ ఒకేరోజు ఎట్లా నిజమవుతాయో చెప్పమని అడిగేవాళ్లు పెరిగిపోయారు. ఏడాదంతా అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తుంటాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## ముందుగా తెలియాల్సినవి

వార్తల్లో "బియ్యం ధర" అంటారు. అది ఏ బియ్యం?

మనం తినేది కాదు. అంతర్జాతీయ వార్తల్లో చెప్పే ధర ఎక్కువగా 5 శాతం నూక ఉన్న తెల్లబియ్యానిది, లేదా ఉప్పుడు బియ్యానిది. థాయ్‌లాండ్, వియత్నాం, మన దేశం రేవుల్లో ఓడకు ఎక్కించేటప్పటి ధర అది, టన్నుకు డాలర్లలో. మన అంగళ్లలో పోయేది సన్నబియ్యం: బీపీటీ 5204, నెల్లూరు వైపు ఎన్‌ఎల్‌ఆర్ 34449, తెలంగాణ నుంచి వచ్చే ఆర్‌ఎన్‌ఆర్ 15048, కర్ణాటక సింధనూరు, గంగావతి మిల్లుల సోనా మసూరి, చిత్తూరు సరిహద్దు దాటి ఆరణి నుంచి వచ్చే పొన్ని. రేవులో పోయే బియ్యం ధర తగ్గినా మన సన్నబియ్యం ధర పెరగొచ్చు, సన్నబియ్యం తగ్గినప్పుడు రేవు ధర ఎక్కొచ్చు. ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్లనే సగం గొడవ.

ప్రపంచంలో ఇంత బియ్యం పండుతుంది కదా, ఒక దేశం ఆపితే అంత అల్లకల్లోలం ఎందుకు?

పండేది ఎక్కువ, అమ్ముడయ్యేది తక్కువ. ప్రపంచంలో ఏటా 50 కోట్ల టన్నులకు పైగా బియ్యం తయారవుతుంది. అందులో దేశం దాటేది పదోవంతు దరిదాపుల్లోనే. పండించిన ఊళ్లే తినేస్తాయి. అందునా పంట, వాడకం రెండింటిలోనూ సుమారు తొంభై శాతం ఆసియాలోనే.

దేశాలు దాటే ఆ కొద్ది బియ్యంలో సుమారు 40 శాతం మనదే. 2024-25లో మన దేశం రెండు కోట్ల టన్నులకు పైగా ఎగుమతి చేసింది. మన తర్వాత వచ్చేవి థాయ్‌లాండ్, వియత్నాం, పాకిస్తాన్. వాటిలో ఏ ఒక్కటీ మన దరిదాపుల్లో లేదు. ఊర్లో అమ్మే నీళ్లు పది బిందెలై, అందులో నాలుగు ఒక్కడి దగ్గరే ఉంటే, వాడు తలుపు వేసిన రోజు మిగతావాళ్ల బిందె ధర ఏమవుతుందో అదే ఇక్కడా జరుగుతుంది.

## నాట్ల నుంచి కోత దాకా

మా వైపు వానలు బాగానే పడినాయి. అయినా బియ్యం ఎందుకు పెరిగింది?

మన చెరువులు నిండేది అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య, ఈశాన్య వానలకు. దేశం బియ్యం ధర తేలేది జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడే నైరుతి వానల మీద, పంజాబ్, ఛత్తీస్‌గఢ్, బెంగాల్, తెలంగాణల్లో. 2023లో ఎల్‌నినో వచ్చి దేశంలో నైరుతి వాన సగటులో 94 శాతమే పడింది. ఆ ఆగస్టు 1901 తర్వాత అంత ఎండిన ఆగస్టు. అప్పుడు మన మడిలో నారు ఇంకా పోయనే లేదు, ధర మాత్రం అప్పటికే ఎక్కేసింది.

అదే ఏడాది డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకుముందే నెల్లూరు, తిరుపతి జిల్లాల్లో కుండపోత. మా నాయన నారుమడి మూడు రోజులు నీళ్లలో ఉండి కుళ్లింది, మళ్లీ విత్తనం కొన్నాడు. ఆ నష్టానికి దేశం ధరలో కదలిక ఏమీ రాలేదు. మన జిల్లా పంట దేశం లెక్కలో అంత చిన్నది.

మద్దతు ధర క్వింటాలుకు చెబుతారు. పుట్టికి ఎంత పడుతుంది?

నాయుడుపేట, సూళ్లూరుపేట, శ్రీకాళహస్తి వైపు లెక్క నెల్లూరు పుట్టి: 850 కిలోలు. 2025-26 సీజనుకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర సాధారణ రకానికి 2,369 రూపాయలు, ఏ గ్రేడుకు 2,389. దాన్ని ఎనిమిదిన్నరతో హెచ్చిస్తే సాధారణ రకం పుట్టికి 20,136 రూపాయలు, ఏ గ్రేడు 20,306. అంతకు మూడేళ్ల ముందు, 2022-23లో, సాధారణ రకం క్వింటాలు 2,040 ఉండేది. కల్లం దగ్గర ఎవరైనా పుట్టి ధర చెబితే ముందు అడగాల్సింది పుట్టి ఎన్ని కిలోలని. 850 అయితే ఆ ధరను ఎనిమిదిన్నరతో భాగించి మద్దతు ధర పక్కన పెట్టి చూసుకోండి.

మద్దతు ధర ఉన్నా మా వడ్లకు తరుగు ఎందుకు తీస్తారు?

తేమ. ప్రభుత్వ కొనుగోలుకు వడ్లలో తేమ 17 శాతం దాటకూడదు. కోత మిషన్ దిగిన రోజు వడ్లలో 20 శాతం పైనే ఉంటుంది. ఆరబెట్టడానికి రెండు మూడు రోజుల ఎండ కావాలి, స్థలం కావాలి, పట్టలు కావాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో అందరి కోతా ఒకేసారి పడుతుంది, రోడ్డు పక్కన పోసుకుందామన్నా చోటు దొరకదు. ఆకాశం మబ్బు పట్టిందంటే రైతు చేతులు ఎత్తేస్తాడు, పచ్చి వడ్లు కల్లంలోనే అమ్మేస్తాడు.

ఒక ఏప్రిల్‌లో మా మడి దగ్గరికి ఒక వ్యాపారి వచ్చాడు. గుప్పెడు వడ్లు తీసి అరచేతుల మధ్య రుద్ది, పొట్టు ఊదేసి, ఒక గింజ పంటి కింద పెట్టాడు. ఎండిన గింజ కటుక్కుమంటుంది. అది మెత్తగా నలిగింది. మాట్లాడకుండా పుట్టికి 50 కిలోలు తరుగు అన్నాడు. నాయన తేమ మీటరు తెచ్చి పెట్టమంటే, లారీ వెనక్కి తిప్పుకుంటానన్నాడు. పడమట ఉరుములు. నాయన సరే అన్నాడు. 850లో 50 పోతే దాదాపు ఆరు శాతం. ఆ ఏడాది మాకు మిగలాల్సిందే ఆ ఆరు శాతం. పంటి లెక్క ఒప్పుకోకండి. రైతు సేవా కేంద్రంలో మీటరు ఉంటుంది. డబ్బాలో ఒక గ్లాసు వడ్లు తీసుకుపోయి అంకె చూసుకుని, ఆ తర్వాతే బేరానికి కూర్చోండి.

## మిల్లులో

వడ్లు కిలో 24 రూపాయలు, బియ్యం 55. మధ్యలో ఎవరు తింటున్నారు?

కొంత ఎవరూ తినరు, పొట్టులో పోతుంది. క్వింటాలు వడ్లు ఆడిస్తే ప్రభుత్వ లెక్క ప్రకారం 67 కిలోల బియ్యం రావాలి. క్వింటాలు 2,369కి కొన్న వడ్లకు ఆ 67 కిలోలతో లెక్కేస్తే కిలో 35 రూపాయలు దాటింది, ఇంకా మిల్లు కరెంటు వేయలేదు. ఆ 67లో నూక కూడా కలిసే ఉంటుంది. సన్నబియ్యంలో నూక తీసేసి, రంగు మారిన గింజ ఏరేసి, నిండు గింజ మాత్రమే మూటకెత్తాలంటే ఇంకా తగ్గుతుంది. నూక, తవుడు, ఊక అమ్మితే వచ్చే డబ్బు ఆడింపు ఖర్చుకు సాయపడుతుంది. ఆపైన గోతాం, హమాలీ, లారీ బాడుగ, నెలల తరబడి నిలవ ఉంచిన సరుకు మీద వడ్డీ, టోకు వ్యాపారి, చివరికి మా అంగడి.

ఇంకో సంగతి. సన్నరకం వడ్లు కోత కాలం దాటాక మద్దతు ధరకు దొరకవు, ఎక్కువ పెట్టాలి. ఆ ఎక్కువ రైతుకు దక్కుతుందా అంటే, కోతకే అమ్మేసినవాడికి దక్కదు. గోదాములో పెట్టుకోగలిగినవాడికే దక్కుతుంది. నాకు బాధ కలిగించేది ఈ ఒక్క సంగతే. 55 రూపాయల్లో దొంగతనం వెతికేవాళ్లు ఈ నిలవ దగ్గర వెతకాలి.

పాత బియ్యానికి అంత ధర ఎందుకు?

కొత్త బియ్యం వండితే ముద్దవుతుంది. ఆరు నెలల నుంచి ఏడాది మాగితే గింజ గట్టిపడి నీళ్లు ఎక్కువ తాగుతుంది, అన్నం ఒదుగుతుంది, మెతుకు మెతుకు విడిపోతుంది. పెళ్లివాళ్లు, హోటళ్లవాళ్లు పాతదే అడుగుతారు. అన్ని నెలలు పెట్టుబడి ఇరుక్కుపోవడం, పురుగు, తరుగు, వీటన్నిటి ఖరీదూ ఆ ధరలో ఉంటుంది. సంకటిలోకి, పొంగలిలోకి కొత్తదే బాగుంటుంది. అనవసరంగా పాతదానికి డబ్బు పెట్టకండి.

నూకలు కూడా పెరిగాయి, ఎందుకు?

నూక ఇప్పుడు ఉప్మాకు, దోసెకు మాత్రమే కాదు. కోళ్ల మేతలోకి, పెట్రోలులో కలిపే ఎథనాల్‌లోకి పోతుంది. మొక్కజొన్న పెరిగితే కోళ్ల ఫారాలవాళ్లు నూక వైపు తిరుగుతారు. 2022 సెప్టెంబరులో కేంద్రం నూకల ఎగుమతి ఆపింది, 2025 మార్చిలో మళ్లీ తెరిచింది.

## ఓడ ఎక్కేటప్పుడు

2023లో ఎగుమతి ఎందుకు ఆపారు, ఎప్పుడు వదిలారు?

వానలు వెనకబడుతున్నాయని, దేశంలో ధర పెరుగుతోందని. వరుస ఇది:

2022 సెప్టెంబరులో బాస్మతి కాని తెల్లబియ్యం మీద 20 శాతం సుంకం. 2023 జూలై 20న అదే బియ్యం ఎగుమతి పూర్తిగా బంద్. ఆగస్టు 25న ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం. ఎన్నికలు అయి, వానలు కురిసి, గోదాములు నిండాక 2024 సెప్టెంబరు 28న తెల్లబియ్యానికి తలుపు తీశారు, టన్ను 490 డాలర్లకు తక్కువ అమ్మకూడదన్న షరతుతో. ఉప్పుడు బియ్యం సుంకం 10 శాతానికి దిగింది. అక్టోబరులో ఆ షరతూ పోయింది, ఆ సుంకమూ పోయింది.

బియ్యం వ్యాపారంలో ఉన్నవాళ్లు ఆ తేదీలను పుట్టినరోజుల్లాగా గుర్తుపెట్టుకుంటారు. వాన ధరను నెమ్మదిగా కదిలిస్తుంది, రాత్రికి రాత్రి వచ్చే నోటిఫికేషన్ ఒక్క పూటలో కదిలిస్తుంది. అందుకే కాకినాడ రేవులో లారీలు నిలిచిపోయిన వార్త వస్తే, రెండు రోజుల్లో తిరుపతి టోకు వ్యాపారి ఫోను మోగుతుంది.

ఎగుమతి ఆపితే ఇక్కడ తగ్గాలి కదా, మాకు ఎందుకు తగ్గలేదు?

ఆ సందేహం న్యాయమైనదే. నిషేధం తర్వాత కూడా 2024 మొదటి నెలల్లో దేశంలో బియ్యం ధరల పెరుగుదల రెండంకెల శాతంలోనే ఉండింది. ఆగింది తెల్లబియ్యం మాత్రమే, సుంకం కట్టి ఉప్పుడు బియ్యం పోతూనే ఉండింది. అదీగాక, పంట తగ్గుతుందని భయం పుట్టాక చేతిలో సరుకున్న ప్రతివాడూ ఇంకో నెల ఆగుదామనుకుంటాడు. ఆ భయం తీరాలంటే కొత్త పంట కళ్లబడాలి. 2024 ఫిబ్రవరిలో కేంద్రం వ్యాపారులు, మిల్లర్లు తమ నిల్వలు వారం వారం చెప్పాలని ఆదేశించింది. అదే నెలలో భారత్ రైస్ పేరుతో కిలో 29 రూపాయలకు అమ్మకం మొదలుపెట్టింది. దానికోసం జనం నిలబడ్డారు, కాని సోనా మసూరి అలవాటైన ఇంట్లో ఆ బియ్యం చెల్లలేదు. మూట ధర దిగింది పంట వచ్చాకే.

అమెరికాలో మా పిల్లలకు అప్పుడు బియ్యం దొరకలేదన్నారు, నిజమేనా?

నిజమే. 2023 జూలై నిషేధంలో సోనా మసూరి కూడా ఉంది, అది బాస్మతి కాదు కాబట్టి. వార్త తెలిసిన పూటే అక్కడి మనవాళ్లు భారతీయ దుకాణాలకు పరుగెత్తారు. కొన్ని చోట్ల ఇంటికి ఒక మూటే అని బోర్డు పెట్టారు. అప్పటికే ఓడల్లో, గోదాముల్లో ఉన్న సరుకు నెలలకు సరిపడేది. కొరత కంటే తొందర ఎక్కువ పనిచేసింది.

ప్రపంచంలో ధర పడిపోయిందంటున్నారు. ఇక్కడ ఎందుకు దిగదు?

పడిన మాట నిజం. 2024 మొదట్లో థాయ్ బియ్యం టన్ను 650 డాలర్లు దాటి పదిహేనేళ్లలో గరిష్ఠానికి పోయింది. మన దేశం తలుపు తీశాక, అన్ని దేశాల్లోనూ పంట పండాక, 2025లో 400 లోపుకు జారింది. 2024లో 40 లక్షల టన్నులకు పైగా కొన్న ఇండోనేషియా 2025లో కొనడం మానేసింది. అన్నిటికన్నా పెద్ద కొనుగోలుదారు ఫిలిప్పీన్స్ తన రైతుల కోసం 2025 సెప్టెంబరు నుంచి ఆ ఏడాది చివరి దాకా దిగుమతి ఆపింది. కొనేవాళ్లు పక్కకు పోతే ధర నిలబడదు.

ఒక లెక్క చూడండి. టన్ను 350 డాలర్లు, డాలరు 88 రూపాయలు అనుకుంటే రేవులో కిలో 31 రూపాయలు కూడా పడదు. కాని అది దొడ్డురకం ఉప్పుడు బియ్యం, ఆఫ్రికాలో బెనిన్, టోగో వంటి దేశాలకు పోయేది. మన సన్నబియ్యానికి అక్కడ పోటీ లేదు, ఇక్కడ తినేవాళ్లు మాత్రం ఏటా పెరుగుతున్నారు. దానికితోడు వడ్ల కింద మద్దతు ధర అనే అరుగు ఉంది. ప్రభుత్వం ఏటా 500 లక్షల టన్నులకు పైగా బియ్యం సేకరిస్తుంది, కాబట్టి బ్యాంకాక్ ధర ఎంత జారినా మన వడ్లు ఆ అరుగు కిందికి మరీ జారిపోవు. ఆ అరుగు లేకుంటే మా నాయన ఈపాటికి మడిలో మామిడి మొక్కలు పెట్టేసేవాడు.

2008లో బియ్యం దొరకదని భయపడ్డాం. మళ్లీ అట్లా వస్తుందా?

2008 ఏప్రిల్, మే నెలల్లో థాయ్ బియ్యం టన్ను వెయ్యి డాలర్లు దాటింది. పంట పోయినందుకు కాదు. మన దేశం, వియత్నాం ఎగుమతి ఆపాయి, ఫిలిప్పీన్స్ ఎంతకైనా కొంటానని టెండర్లు పెట్టింది, ఒకరిని చూసి ఒకరు దాచుకున్నారు. ఇప్పుడు మన గోదాముల్లో సరుకు చాలా ఎక్కువ: జూలై 1 నాటికి ఉండాల్సిన బియ్యం నిల్వ 135 లక్షల టన్నులైతే, 2025లో దానికి రెట్టింపు పైనే ఉంది. తిండి లేకపోవడం అనే భయం మనకు అక్కరలేదు. దిగుమతి మీద బతికే చిన్న దేశాలకు ఆ భయం ఇప్పటికీ ఉంది.

జపాన్‌లో బియ్యం ధర రెట్టింపైంది కదా, దాని ప్రభావం?

మన మీద దాదాపు ఏమీ లేదు. 2023 ఎండలకు అక్కడ గింజ నాణ్యత పడిపోయింది, 2024 ఆగస్టులో పెద్ద భూకంపం రావచ్చన్న హెచ్చరికతో జనం కొని దాచుకున్నారు. 5 కిలోల సంచి 4,000 యెన్లు దాటింది. 2025 మార్చి నుంచి ప్రభుత్వ నిల్వలు బయటికి తీశారు. వాళ్లు తినేది జిగురుండే పొట్టి గింజ, బయటి బియ్యం మీద సుంకమూ భారీ.

## మూట కొనేటప్పుడు

మూట 26 కిలోలు ఎందుకు? ముందు 25 ఉండేదే?

పన్ను. 2022 జూలై 18 నుంచి 25 కిలోలు, అంతకన్నా తక్కువ బరువుతో ముందే కట్టి పేరు వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడింది. 25 దాటితే లేదు. మూట 1,400 అనుకుంటే పన్ను 70 రూపాయలు, కిలో కలిపితే అది తప్పుతుంది. ఇద్దరే ఉన్న ఇంటివాళ్లు 10 కిలోల సంచి కొని కిలోకు ఎక్కువ కడుతున్నారు. పక్కింటివాళ్లతో కలిసి 26 కిలోల మూట పంచుకోండి. ఒక మూట 26, ఇంకోటి 25 అయితే మూట ధర కాదు, కిలో ధర పోల్చుకోవాలి.

ఏ నెలలో కొంటే కలిసొస్తుంది?

తుంగభద్ర కింద, తెలంగాణలో పండిన వానాకాలం పంట నవంబరు చివరి నుంచి జనవరి దాకా దిగుతుంది. మన వైపు, నెల్లూరు వైపు పంట మార్చి, ఏప్రిల్‌లో. ఆ రెండు కాలాల్లో కొత్త బియ్యం దిగువ ధరకు దొరుకుతుంది. చోటుంటే సంక్రాంతి తర్వాత నాలుగైదు మూటలు కొని, తేమ తగలకుండా చెక్క మీద పెట్టి, వేపాకు వేసి మాగబెట్టుకోండి. శ్రావణం పెళ్లిళ్లకు పాత బియ్యమై మీ చేతికి వస్తుంది. జూలై నుంచి అక్టోబరు దాకా నిలవ సరుకే ఆధారం, వాన వార్తల కాలం కూడా అదే. ఆ నెలల్లో ఎక్కువ కొని పెట్టుకోకండి.

ఇడ్లీ బియ్యం ధర వేరేగా ఎందుకు నడుస్తుంది?

అది ఉప్పుడు బియ్యం. తమిళనాడు, కేరళ ఇళ్లు, ఆఫ్రికా ఓడలు, మన ఇడ్లీ పాత్ర అన్నీ ఒకే సరుకు కోసం పోటీ పడతాయి. అంగట్లో ఉన్న బియ్యాల్లో ప్రపంచ ధరకు చప్పున కదిలేది ఇదే.

ప్రభుత్వం బియ్యాన్ని ఎథనాల్‌కు ఇస్తోందట. తినేవాళ్లకు తక్కువ పడదా?

2024-25 ఎథనాల్ ఏడాదికి భారత ఆహార సంస్థ గోదాముల నుంచి 52 లక్షల టన్నుల దాకా కేటాయించారు, క్వింటాలు 2,250 రూపాయలకు. ఇప్పటి నిల్వల్లో అది తిండికి అడ్డం కాదు, కొత్త వడ్లు పెట్టడానికి చోటు కూడా కావాలి. కాని నా మనసు ఒప్పుకోదు. క్వింటాలు వడ్లకే 2,300 మద్దతు ధర ఇచ్చిన ఏడాది, ఆడించిన క్వింటాలు బియ్యాన్ని అంతకంటే తక్కువకు ఇంధనానికి ఇచ్చారు. ఆ తేడా కట్టేది మనమే.

## రేపటి ధర గురించి

బియ్యం ఫ్యూచర్స్‌లో చూసి ముందే తెలుసుకోవచ్చా?

ఫ్యూచర్స్ అంటే ముందు తేదీకి ధర ఇప్పుడే కుదుర్చుకునే ఒప్పందాలు. మన బియ్యానికి పనికిరాదు. షికాగోలో నడిచేది అమెరికా పొడవు గింజ వడ్ల కాంట్రాక్టు, ఒక్కొక్కటి సుమారు 91 టన్నులు. మన దేశంలో బాస్మతి కాని వడ్ల ఫ్యూచర్స్‌ను మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2021 డిసెంబరులో ఆపేసి, ఆ గడువును పలుమార్లు పొడిగించింది. వాట్సాప్‌లో "బియ్యం ఫ్యూచర్స్ టిప్స్" అని వచ్చేవాళ్లకు డబ్బు పంపకండి.

మరి ఏ వార్తలు చూడాలి?

అన్నీ చూడనక్కర్లేదు. జూలై, ఆగస్టుల్లో వాతావరణ శాఖ చెప్పే దేశ సగటు వాన, విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ నోటిఫికేషన్లు, అంతే. ఇంకా ఆసక్తి ఉంటే అమెరికా వ్యవసాయ శాఖ ప్రతి నెలా రెండో వారంలో ఇచ్చే ప్రపంచ పంట అంచనా, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నెలవారీ బియ్యం ధరల సూచీ. వడ్ల ధరకైతే కేంద్రం వెబ్‌సైటు అగ్‌మార్క్‌నెట్‌లో రోజూ మార్కెట్ యార్డుల ధరలు ఉంటాయి.

మాకు నాలుగు పుట్లు మిగిలాయి. అమ్మేయాలా, ఆపుకోవాలా?

అప్పు మీద వడ్డీ ఎంతో ముందు చెప్పండి. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఉంటే ఆరు నెలల్లో 12 శాతం వడ్డీకే పోతుంది. ఎండి నిలవుండే వడ్లలో తరుగు ఇంకో రెండు శాతమైనా వేసుకోండి. అంటే పుట్టి 20,000 ఉన్న వడ్లు అక్టోబరుకు 23,000 దాకా పోతే తప్ప మీకు మిగలదు. దొడ్డురకం అంత పెరగడం అరుదు, దాన్ని కోత కాలంలోనే మద్దతు ధరకు ఇచ్చేయండి. సన్నరకమై, బయటి అప్పు లేక, ఇంట్లో పొడి చోటుంటే సగం ఆపుకోండి. మా ఇంట్లో అదే చేస్తున్నాం: రెండు పుట్లు ఏప్రిల్‌లో అమ్మి ఎరువుల అంగడి బాకీ తీర్చాడు నాయన, రెండు పుట్లు నడవలో బల్లల మీద ఉన్నాయి.